మెక్‌గైవర్‌కి అంత తొందరెందుకు?

సంపాదకులకు నమస్కారం.

చేతికందిన మామూలు వస్తువులతోనే గండాలు గట్టెక్కే హీరో కథ, పాత అమెరికన్ టీవీ సిరీస్ 'మెక్‌గైవర్' అంటే నాకు పిచ్చి, అందుకే 2016లో మళ్లీ తీసిన సిరీస్‌ని ఎంతో ఆశగా మొన్ననే మొదలుపెట్టాను, తీరా మొదటి ఎపిసోడ్‌కే ఉసూరుమనిపించింది. 1985లో వచ్చిన అసలుదాని మొదటి ఎపిసోడ్ గుర్తుందా? కారిపోతున్న సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని హీరో చాక్లెట్లతో ఆపుతాడు, యాసిడ్ తగిలితే అందులోని చక్కెర బంకలా మారి కన్నం పూడుకుపోతుంది, అది ఆగుతుందా లేదా అని మనకి ఒకటే టెన్షన్. కొత్తదాంట్లో అతను వాడే వస్తువుల పేర్లు తెర మీద అక్షరాల్లో పడుతుంటాయి, అవి చదివేలోపే పనైపోతుంది! ఇక ఆలోచించేదెక్కడ?

పాత హీరోకి తుపాకీ అంటే గిట్టదు, అదే అతని ప్రత్యేకత. ఇక్కడా అతను కాల్చడు సరే, ఆ లోటు పక్కనున్న జాక్ డాల్టన్ దండిగా తీర్చేస్తాడు. హీరో చనిపోయిందనుకున్న ప్రియురాలు నిక్కీ బతికే ఉందట, పైగా శత్రువుల మనిషట (ఇది ఊహించనివాళ్లు ఎవరైనా ఉంటారా?). హీరోగా వేసిన లూకస్ టిల్ కుర్రాడు చురుగ్గానే ఉన్నాడు, తప్పు అతనిది కాదు, అతన్ని ఒక్క నిమిషమైనా కుదురుగా నిలబడనివ్వని వాళ్లది.

రెండో ఎపిసోడ్ ఇంకా పెట్టలేదు.

- ఓ పాత అభిమాని