పేరు చెప్పకుండా వెళ్ళిపోయిన మాస్టారికి

పర్లాకిమిడి దగ్గర మా ఊళ్ళో తాతగారి మండువా ఇల్లు, ధాన్యం కొట్టు, చుట్టూ ఉన్న సున్నపు ప్రహరీ వానలకి కూలిపోకముందే కొలిచి రాసుకుందామని మొన్న టేపు పట్టుకుని దిగాను. నాలుగు వైపులా కొలిచి బొమ్మ గీస్తే గీతలు కలిస్తేనా! అటుగా వెళ్తున్న మీరు సైకిల్ దిగి, "మూల నుంచి మూలకి కూడా కొలవాలి బాబూ, పాత గోడలు మూలమట్టానికి ఉండవు" అన్నారు. రెండు గంటలు ఎండలో టేపు అవతలి కొస పట్టుకున్నారు. ఫొటో తీసేటప్పుడు గోడకి స్కేలు ఆనించమన్నదీ మీరే. పడమటి గోడలో సన్నిటుక ఆగి లావిటుక మొదలైన చోట అతుకుని వేలితో తడిమి చూపించారు. ఇన్నేళ్ళూ ఆ గోడకే సైకిల్ ఆనించాను, ఒక్కసారీ చూడలేదు.

1936లో ఒడిశా ఏర్పడకముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కదా, మా దస్తావేజు తెలుగులోనే ఉంది. ఆ గొలుసుకట్టు రాత నాకు కొరుకుడు పడలేదు. మీరు హద్దులు గట్టిగా చదువుతుంటే, బడిలో ఒడియా చదివే మా చిన్నది తెలుగులో రాసుకుంది.

చాలా థ్యాంక్స్ మాస్టారూ. పేరడిగితే మజ్జిగ గ్లాసు చేతికిచ్చి నవ్వేసి వెళ్ళిపోయారు. మీ కళ్ళజోడు పెట్టె నూతి గట్టు మీదే మర్చిపోయారు. వచ్చి తీసుకోండి, ప్లాను కూడా చూద్దురుగాని.