ఆ ఫిడేలు బూజు దులపరా

గ్లాస్గో,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సీనూ,

నీ మెసేజ్ చూశాను. "కోటలూ మంచూ తప్ప స్కాట్లాండ్‌లో ఏముందిరా, వచ్చి ఏం చెయ్యాలి?" అని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కోట కావాలంటే రైల్లో గంట దూరంలో ఎడింబరా ఉంది. ఒకరోజు వెళ్లి ఫొటోలు దిగి వచ్చేద్దాం. నేనుండే ఊరి తీరు వేరు. ఇక్కడ చూసేవాటికంటే వినేవి ఎక్కువ. యునెస్కో 2008లోనే గ్లాస్గోకి సంగీత నగరమని పేరు పెట్టింది. ఇలాంటి బిరుదులు చాలా ఊళ్లకి ఉంటాయి కానీ ఇక్కడ అది చెవిన పడుతుంది.

నువ్వు జనవరిలో రా. అవును, జనవరిలోనే. మీ ఆవిడ చలికి భయపడుతుందని తెలుసు, ఆ భయం ఉత్తదేమీ కాదు. సాయంత్రం నాలుగు దాటితే చీకటి. ముసురు పట్టిందంటే వారమైనా వదలదు. ఇలాంటి దిక్కుమాలిన వాతావరణానికి ఇక్కడివాళ్లకి 'డ్రీఖ్' అని ఒక మాట ఉంది. ఆ మాట వింటేనే నాకు ముక్కు కారుతుంది. కానీ 'సెల్టిక్ కనెక్షన్స్' అనే సంగీతోత్సవం జరిగేది ఆ నెలలోనే. క్రిస్మస్ హడావుడి అయ్యాక కాన్సర్ట్ హాలు ఖాళీగా పడి ఉంటోందని 1994లో మొదలుపెట్టారు. ఇప్పుడు రెండున్నర వారాలపాటు ఊళ్లో ఎక్కడ చూసినా కచేరీలే. మన దగ్గర త్యాగరాజ ఆరాధన జరిగే రోజులు కూడా ఇంచుమించు అవే కదా!

హాళ్లలో టికెట్ కొని వినేది ఎలాగూ వింటాం. నాకు ఇష్టమైంది పబ్బుల్లో జరిగేది. వాటిని 'సెషన్' అంటారు. మూలనున్న బల్ల చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుంటారు. స్టేజీ లేదు, మైకు లేదు, ఎదురుగా గ్లాసులు మాత్రం ఉంటాయి. ఒకరు ఒక వరస ఎత్తుకుంటే, తెలిసినవాళ్లు అందుకుంటారు, తెలియనివాళ్లు రెండు చుట్లు విని మూడో చుట్టులో దూరిపోతారు. ఇంతకీ వాళ్లు వయొలిన్ అనరు, ఫిడేలే అంటారు! మీ తాతగారు ద్వారం వారిని 'ఫిడేలు నాయుడుగారు' అనడం గుర్తొచ్చి, విజయనగరం ఆ పబ్బులోకి వచ్చి కూర్చున్నట్టయింది. మనలా నేలమీద కూర్చుని పాదానికి ఆనించుకోవడం ఉండదు, కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకుంటారు. మొదటిసారి విన్నప్పుడు ఒక నెమ్మదైన పాట వచ్చింది. నాకు ఖాయంగా మోహన రాగం అనిపించింది. నవ్వకు. కొత్త సంవత్సరం రాత్రి అందరూ చేతులు పట్టుకుని పాడుకునే 'ఆల్డ్ లాంగ్ సైన్' ఉంది చూడు, దాని స్వరాలు పట్టి చూడు. మోహనలో లేని మధ్యమం, నిషాదం దొరికితే నాకు ఉత్తరం రాయి.

ఆ సంబరంలో పక్కన కూర్చున్న పెద్దాయనతో "మా స్నేహితుడూ ఫిడేలు వాయిస్తాడు" అని నోరు జారాను. ఆయన సంగతి తర్వాత చెబుతాను.

కేలీకి కూడా వెళ్లాలి. రాయడం ఇంకేదోలా రాస్తారు, పలకడం మాత్రం కేలీ. మన కోలాటానికి దగ్గరి చుట్టం అనుకో, చేతిలో కర్రలుండవు అంతే. ఒకాయన మైకులో అడుగులు చెబుతుంటాడు. 'స్ట్రిప్ ద విల్లో' అనే ఆటలో ఆడవాళ్లు ఒక వరస, మగవాళ్లు ఒక వరస. జంటలో ఒకరు ఎదుటి వరసలో ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని తిరుగుతూ, మధ్యమధ్య తన జోడీ దగ్గరికి వస్తూ చివరిదాకా పోవాలి. నాకు డెబ్బై ఏళ్ల ఆవిడ జోడీగా దొరికింది. పాపం పెద్దావిడ కదా అని మెల్లగా పట్టుకున్నాను. గిర్రున తిప్పి వదిలేసరికి ఎవరి చేతుల్లో పడ్డానో కూడా తెలీలేదు. మర్నాడు మెట్లు దిగలేక ఆఫీసుకి సెలవు పెట్టాను, కారణం మాత్రం జ్వరమని రాశాను.

మధ్యాహ్నాలకి 'ఎ ప్లే, ఎ పై అండ్ ఎ పింట్' ఉంది. బైర్స్ రోడ్డు చివర పాత చర్చిని ఓరన్ మోర్ అని మార్చారు, పైకప్పు నిండా నీలం రంగు మీద బొమ్మలు. కింది హాల్లో ఒంటిగంటకి గంటసేపు నాటకం. టికెట్‌తోనే తినడానికి 'పై' అని లోపల కూరిన పిండివంట ఒకటి, తాగడానికి ఒకటి. 2004 నుంచి నడుపుతున్నారు. భోజనంతో కలిపి నాటకం పెట్టాలన్న ఆలోచన వచ్చినవాడికి దండం పెట్టాలి. ఒక్కటే చిక్కు. కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో పైప్ ఆర్గన్ వాయించేదీ ఒంటిగంటకే! రెండూ ఒకే రోజు కుదరవు.

ఆ మ్యూజియంకి డబ్బులు కట్టక్కర్లేదు. 1901లో కట్టిన ఎర్రరాతి మేడ. లోపల కప్పు నుంచి స్పిట్‌ఫైర్ విమానం వేలాడుతుంటే, దాని కింద సర్ రోజర్ అనే ఏనుగు నిలబడి ఉంటుంది. ఒకప్పుడు ఊరూరా తిరిగిన ఏనుగు. మదం ఎక్కి మనుషుల మీదికి వస్తోందని 1900లో పొద్దున మేత మేస్తుండగా కాల్చేశారు. దాన్ని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

నువ్వు హైదరాబాదులో ఉంటున్నావు కాబట్టి ఇంకోటి చెప్పాలి. ఇక్కడి మ్యూజియాల సొత్తులో నిజాంగారి కత్తి ఒకటి ఉండేది. ఆరో నిజాం కాలంలో, 1905లో, సాక్షాత్తూ ఆయన ప్రధానమంత్రే దొంగిలించి ఒక బ్రిటిష్ జనరల్‌కి అమ్మాడట. 2022 ఆగస్టులో దాన్నీ, గుళ్లలోంచి తెచ్చిన మరో ఆరింటినీ ఇండియాకి తిరిగి ఇచ్చేస్తామని ఇదే కెల్విన్‌గ్రోవ్‌లో మనవాళ్లతో సంతకాలు పెట్టారు. పరాయివాళ్లు కాజేశారని తిట్టుకుంటూ చదవడం మొదలుపెట్టినవాణ్ణి, ప్రధానమంత్రి దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకున్నాను.

ఊరి మధ్యలో వెల్లింగ్టన్ దొర విగ్రహం గుర్రం మీద ఉంటుంది, టిప్పు మీద యుద్ధానికి వచ్చినవాడే. ఆయన నెత్తిన ట్రాఫిక్ కోన్! తీసేస్తే రాత్రికి రాత్రి ఇంకొకటి వచ్చేస్తుంది. 2013లో 65 వేల పౌండ్లు ఖర్చుపెట్టి దిమ్మె ఎత్తు పెంచుదామనుకుంటే, జనం మా కోన్ జోలికి రావద్దని గొడవ చేశారు. ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

తిరగడానికి సబ్‌వే ఉంది. 1896 నాటిది, పదిహేను స్టేషన్లు, ఊరి చుట్టూ గుండ్రంగా ఒకటే దారి. నిద్రపోయినా మళ్లీ మన స్టేషన్ వస్తుంది, నీకు సరిగ్గా సరిపోతుంది. వందల బ్యాగ్‌పైపులు ఒకేచోట వినాలంటే మాత్రం ఆగస్టులో రావాలి. అది ఇంకోసారి చూద్దాం.

ఇక ఆ పెద్దాయన. ప్రతి గురువారం నేను కనపడగానే "నీ దోస్తు ఎప్పుడొస్తున్నాడు?" అంటాడు. మొదట్లో మర్యాదకి అడుగుతున్నాడనుకున్నాను. పోయిన వారం బల్ల దగ్గర ఒక కుర్చీ లాగి, దాని మీద తన కోటు పెట్టి, "ఇది అతనిది" అన్నాడు. నువ్వు ఇరవయ్యేళ్ల క్రితమే వదిలేశావని, ఫిడేలు బీరువా మీద బూజు పట్టి ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తీగలు మార్పించి ఒకసారి శ్రుతి చేసి చూడు. ఆయనకి ఏ తేదీ చెప్పమంటావో రాయి.

నీ
రాంబాబు