కొత్త స్టేడియం స్కార్ఫుల ఆర్డర్ల గురించి

మా వినియోగదారులందరికీ నమస్కారం.

మన ఫుట్‌బాల్ క్లబ్బు కట్టదలచిన కొత్త స్టేడియం బొమ్మతో స్కార్ఫులు, జెండాలు తయారుచేసి ఇస్తామని మా చిన్న సంస్థ గత సీజన్ చివర మీ దగ్గర ముందుగానే ఆర్డర్లు తీసుకుంది. ఆ స్టేడియానికి స్థానిక కౌన్సిల్ అనుమతి ఇంకా రాలేదు. రవాణా నివేదికపై మరింత వివరణ కావాలంటూ ప్లానింగ్ కమిటీ నిర్ణయాన్ని వాయిదా వేసింది. ఈ ఆలస్యానికి కౌన్సిల్‌ను గాని క్లబ్బును గాని కారణంగా చూపడం సరికాదు. రాని అనుమతిని వచ్చినట్టే లెక్కవేసి మీ డబ్బు తీసుకున్నది నేను, కాబట్టి తప్పు నాదే.

ఇంగ్లండులో ఇంత పెద్ద నిర్మాణానికి దరఖాస్తు అందితే కౌన్సిల్ 13 వారాలలో, పర్యావరణ ప్రభావ అంచనా అవసరమైతే 16 వారాలలో నిర్ణయం చెప్పాలన్నది నియమం. నేను ఆ గడువునే నమ్ముకుని, సీజన్ మొదలయ్యేనాటికి సరుకు మీ చేతికి అందుతుందని మాట ఇచ్చాను. దరఖాస్తుదారు, కౌన్సిల్ అంగీకరిస్తే ఆ గడువును పొడిగించుకోవచ్చన్న సంగతి నాకు తెలుసు, అయినా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పైగా కమిటీలో ఓటు గెలిచిన రోజే అనుమతి చేతికొచ్చినట్టు కాదు. రోడ్లు, రవాణా, చుట్టుపక్కల సౌకర్యాల విషయంలో క్లబ్బు ఏమేమి భరించాలో తేల్చే సెక్షన్ 106 ఒప్పందం కుదరాలి, దరఖాస్తును తానే పరిశీలిస్తానని కేంద్ర మంత్రి పిలిపించుకోకుండా ఉండాలి, ఆ తరువాతే కౌన్సిల్ లిఖితపూర్వక నిర్ణయ పత్రం ఇస్తుంది. అది వెలువడ్డాక కూడా దాన్ని కోర్టులో సవాలు చేయడానికి ఆరు వారాల వ్యవధి ఉంటుంది.

ఇంగ్లండులోని మరో ఫుట్‌బాల్ క్లబ్బు బ్రైటన్ అభిమానులకు ఈ దారి ఎంత పొడవో బాగా తెలుసు. వారి క్లబ్బు 1997లో తన సొంత గోల్డ్‌స్టోన్ మైదానాన్ని కోల్పోయి, రెండేళ్లు ఎక్కడో దూరాన ఉన్న జిల్లింగ్‌హామ్‌లో, ఆ తరువాత 1999 నుంచి 2011 దాకా అథ్లెటిక్స్ మైదానమైన విత్‌డీన్‌లో తన సొంత మ్యాచ్‌లు ఆడుకుంది. బ్రైటన్ శివారులోని ఫాల్మర్‌లో కొత్త స్టేడియానికి నగర కౌన్సిల్ 2002లోనే సరేనన్నా ప్రభుత్వం దరఖాస్తును తన పరిశీలనకు తీసుకుంది. 2005లో అప్పటి మంత్రి జాన్ ప్రెస్కాట్ అనుమతి ఇచ్చారు గాని, పక్కనున్న లూయిస్ జిల్లా కౌన్సిల్ కోర్టుకు వెళ్లడంతో, నిర్ణయ లేఖలో దొర్లిన పొరపాటు వల్ల అది నిలబడలేదు. 2007లో ఆ తరువాతి మంత్రి హేజెల్ బ్లియర్స్ రెండోసారి అనుమతి ఇచ్చాక గాని పని ముందుకు సాగలేదు, 2011లో గాని గేట్లు తెరుచుకోలేదు. కౌన్సిల్ ఒప్పుకున్న రోజున స్కార్ఫుకు డబ్బు కట్టిన అభిమాని ఎవరైనా ఉంటే, ఆ స్కార్ఫు వేసుకుని సీట్లో కూర్చోవడానికి తొమ్మిదేళ్లు ఆగవలసి వచ్చేది.

లివర్‌పూల్ నగరంలోని ఎవర్టన్ క్లబ్బు తిరస్కరణ, అనుమతి రెండింటినీ చూసింది. కర్క్‌బీలో కట్టాలన్న పథకానికి స్థానిక కౌన్సిల్ 2008లో ఒప్పుకున్నా, ప్రభుత్వం 2009లో తిరస్కరించింది. తరువాత ఎంచుకున్న బ్రామ్లీ-మూర్ డాక్ స్థలం విషయంలో మాత్రం లివర్‌పూల్ కౌన్సిల్ 2021 ఫిబ్రవరిలో అనుమతించింది, మంత్రి జోక్యం చేసుకోలేదు, అదే ఏడాది పని మొదలైంది. అక్కడ తొలి లీగ్ మ్యాచ్ 2025 ఆగస్టులో జరిగింది, ప్రత్యర్థిగా వచ్చింది బ్రైటనే కావడం నా మనసుకు హత్తుకుంది. లండన్ క్లబ్బు చెల్సీకైతే 2017లో ప్లానింగ్ అనుమతి వచ్చినా, 2018లో క్లబ్బే 60,000 సీట్ల పథకాన్ని పక్కన పెట్టింది.

మా పనిలో ఎదురైన చిక్కు ఇంకొకటి ఉంది. స్కార్ఫు అంచున స్టేడియం కప్పు గీతను నేతలోనే తీసుకురావాలనుకుని నమూనా సిద్ధం చేయించాను. ఈలోగా సవరించిన ప్లానులు వచ్చాయి, అందులో ఆ కప్పు వంపు మారింది. మొదటి నమూనాతోనే నేయించి పంపి ఉంటే, ఎన్నటికీ కట్టని ఒక భవనాన్ని మీరు మెడలో వేసుకుని తిరిగేవారు. అందుకే నిర్ణయ పత్రం వచ్చి, ఆరు వారాల వ్యవధి దాటేదాకా స్టేడియం బొమ్మ ఉన్న దేన్నీ అమ్మకూడదని నిర్ణయించుకున్నాను.

అభ్యంతరం చెబుతున్న ఇరుగుపొరుగువారిని, కౌన్సిలర్లను ఎగతాళి చేసే బ్యానర్లు కావాలని కొందరు అడిగారు. అవి నేను చేయను. మ్యాచ్ రోజు వీధి నిండిపోతుందని, రాత్రి వెలుతురు కిటికీలో పడుతుందని భయపడేవారి మాటలో న్యాయం ఉంది. రేపు స్టేడియం వచ్చాక మనకు పొరుగువారు కాబోయేది కూడా వారే. మద్దతు తెలపాలనుకునేవారు ఒకే ఉత్తరాన్ని వందసార్లు పంపే బదులు, మీరు మైదానానికి ఎలా చేరుకుంటారో, రైలెక్కుతారో నడిచి వస్తారో, మ్యాచ్ లేని రోజుల్లో ఆ చోటు మీకు ఎలా ఉపయోగపడుతుందో మీ మాటల్లో రాయండి. కమిటీ తూచవలసింది ప్లానింగ్‌కు సంబంధించిన కారణాలనే గాని, ఉత్తరాల సంఖ్యను కాదు. క్లబ్బుపై మనకున్న ప్రేమ నిజమైనదే, కాని రద్దీ లెక్కలకు అది జవాబు కాదు.

ఇక మీ డబ్బు సంగతి. కట్టినవారందరికీ, అడిగినా అడగకపోయినా, మొత్తం సొమ్ము మీరు చెల్లించిన మార్గంలోనే ఈ నెలాఖరులోగా తిరిగి పంపుతున్నాను. ఆగుతామని మంచి మనసుతో రాసినవారి సొమ్ము కూడా ఉంచుకోను. అనుమతి ఖాయమైనప్పుడు వారి పేర్లే జాబితాలో ముందుంటాయి. కొనిపెట్టిన ఊలుతో స్టేడియం బొమ్మ లేకుండా, క్లబ్బు రంగుల చారలు మాత్రమే ఉన్న స్కార్ఫులు నేయిస్తున్నాను. అవి తయారై నా దగ్గరికి చేరాకే అమ్మకానికి పెడతాను. కమిటీ తదుపరి సమావేశం తేదీ ప్రకటించగానే మీకు మళ్లీ రాస్తాను.