చిక్కడపల్లి కబుర్లు

ఒరేయ్ రవీ,

"మన గల్లీ ఎలా ఉందిరా?" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం వినవు, అందుకే రాస్తున్నా.

ముందు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంగతి. ఇప్పుడొస్తే దారి తప్పుతావు, పందెం! కింద రోడ్డు, దాని మీద మెట్రో, ఆ మెట్రో మీంచి ఇందిరాపార్కు - వీఎస్‌టీ స్టీల్ బ్రిడ్జి. మెట్రో 2020 ఫిబ్రవరిలో వచ్చింది, బ్రిడ్జి 2023 ఆగస్టులో. థియేటర్లలో సుదర్శన్ 70 ఎంఎం ఎప్పుడో పోయింది కదా, సుదర్శన్ 35 ఎంఎం, దేవి, సంధ్య మాత్రం ఉన్నాయి. కొత్త సినిమా పడితే పొద్దున్నుంచే అదే లొల్లి.

అసలు కథ లైబ్రరీది. మనం పేపర్లో క్రికెట్ పేజీ కోసం కొట్టుకున్న నగర కేంద్ర గ్రంథాలయమే. లోపల చోటు చాలక పిల్లలు ఆవరణలో చెట్ల కింద చదువుతున్నారు, ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకుని. మొన్న ఒకటి చూశా. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, విరిగిన చెయ్యి సుతిలితో కట్టారు, వీపు మీద మార్కర్‌తో "గ్రూప్-2", కాలికి గొలుసేసి చెట్టుకి తాళం! నోటిఫికేషన్ వచ్చేలోపు రెండో చెయ్యీ ఊడుతుందేమో పాపం.

అశోక్‌నగర్ అంతా వాళ్ల రాజ్యమే. కోచింగులు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు. ఇడ్లీ బండి దగ్గర ఒకడు "73వ రాజ్యాంగ సవరణ ఎప్పుడు?" అని పక్కవాణ్ణి అడిగితే, చట్నీ వేస్తున్నాయన తలెత్తకుండా "1992" అన్నాడు.

త్యాగరాయ గానసభ మాత్రం మారలేదు. అదే శాలువాలు, అవే ఉపన్యాసాలు, పాట మొదలయ్యేసరికి సగంమంది పెద్దాళ్లు బస్సు టైమైందని లేస్తారు. వెనక వరసలో ఇద్దరు కుర్రాళ్లు ఒళ్లో నోట్సు పెట్టుకుని కూర్చున్నారు. ఫ్యాను కోసమే వచ్చుంటారు, ఒకప్పుడు మనం వెళ్లినట్టే. ఘంటసాల పాటకి మాత్రం పెన్నులు ఆగాయి.

మనం అద్దెకున్న మేడ గది కూడా హాస్టలైందిరా. నాలుగు మంచాలు, తాడు మీద తడి టవళ్లు. ఓనరుగారిని అడిగి లోపలికెళ్లా. గోడకి ఇండియా మ్యాపు అంటించారు. కింది మూల కాస్త లేపి చూశా: "రవి 43 నాటౌట్". నీ పెన్సిల్ రాతే. ఆ రోజు ఔటయ్యావు, అది వేరే విషయం.

సంక్రాంతికి వస్తున్నావా లేదా? వస్తే నా నీలం స్వెటర్ పట్రా. మూడేళ్లయింది నువ్వు పట్టుకెళ్లి.

నీ
శీను