మిరుగం నాడు కొర్రమట్ట ఎందుకు లేదంటే

పాలమూరులో మా దుకాణానికి వచ్చే అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్తే.

మిరుగం నాడు పొద్దుగాలనే వచ్చి లైను కట్టిన మీకు కొర్రమట్ట లేదని చెప్పిన. కొందరు రవ్వ, బొచ్చె తీసుకున్నరు. కొందరు మాట కూడ అనకుండ పక్క దుకాణానికి పోయిన్రు. వాళ్లను ఏమీ అనను, మిరుగం నాడు ఇంట్ల చేప వండాలె కదా. అడ్వాన్సులు అందరికీ తిరిగి పంపిన, ఎవరికన్న అందకుంటే ఫోన్ చేయండి. కాని మన వాట్సాప్ గ్రూపుల ఒక పెద్దమనిషి "మాలు దాచిపెట్టి రేటు పెంచుదామని చూసిండు" అని రాసిండు. గది మాత్రం మనసుకు తాకింది. మా నాయిన గంప నెత్తిన పెట్టుకొని వాడవాడ తిరిగి అమ్మిన కాలం నుంచి, కొర్రమట్ట లేకుండ మాకు మిరుగం పోయిందే లేదు. అసలు సంగతి చెప్తా, చదివినంక ఏమనుకుంటరో మీ ఇష్టం.

నాకు ఏండ్ల నుంచి కొర్రమట్ట ఇచ్చే రైతు ఒకాయన ఉన్నడు. పేరు, ఊరు రాయను. మిరుగానికి మూడు క్వింటాళ్లు బేరమైంది. పట్టే ముందు చెరువు గట్టు మీద ఒక చుట్టు తిరుగుడు నాకు అలవాటు. మేత కొట్టం వెనక పరదా మీద గుళికల మేత ఆరబోసి ఉంది. మేత మామూలుగ మట్టి రంగుల ఉంటది. ఇది పసుపచ్చగ కొడుతున్నది. పిడికెడు తీసి చూస్తే గంజి జిగట, వేళ్లకు పసుపు పొడి అంటింది. పక్కన బకెట్ల కోళ్లకు వాడే ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు డబ్బా, మూత తీసే ఉంది.

ఏందన్నా ఇది అంటే, "ఎండలకు నీళ్లు తగ్గినయ్ తమ్మీ, చేపకు ఎర్రపుండ్లు లేచినయ్. మందుల దుకాణమాయన ఇచ్చిండు. వారం కిందనే ఆపేసిన" అన్నడు. వారం కింద ఆపితే మేత ఇయ్యాల ఎందుకు ఆరుతున్నది? ఆయన అటు పోయినంక పనిచేసే పిలగాన్ని అడిగిన. "నిన్న మాపటికి గూడ ఏసినం సేటూ" అన్నడు.

ఆ మందు వాడుడే నేరం అని నేను అంటలేను. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివైతే తినే చేపకు పూర్తిగ నిషేధం. ఆక్సీటెట్రాసైక్లిన్ అట్ల కాదు, ఆహార భద్రతా సంస్థ దానికి ఒక హద్దు పెట్టింది: కిలో చేపల 0.1 మిల్లీగ్రాము మించొద్దు. ఆ హద్దు లోపలికి రావాలంటే మందు ఆపినంక కొన్ని దినాలు ఆగాలె, చేప ఒంట్లనుంచి అది దిగాలె. నిన్న మాపటికి తిన్న చేప ఎల్లుండి మీ గిన్నెల ఉంటే ఏం దిగినట్టు?

ఇంకోటి ఉంది, ఇది ఎవరూ చెప్పరు. జబ్బు చేసిన చేప మేత ముట్టదు. మందు కలిపిన మేత తినేది గట్టిగ ఉన్న చేపలే, కొర్రమట్టల అయితే పెద్దవి చిన్నవాటిని తరిమి మరీ తింటయ్. అంటే మందు ఎక్కువ పట్టేది ఏరి తెచ్చి మీకు అమ్మే బలిసిన చేపకే. ఆ మందుల కూడ చాలావరకు పేగుల ఇంకకుండనే బయటికి వచ్చి చెరువు బురదల కలుస్తది. ఆ బురదల ఉన్న సూక్ష్మక్రిములు దానికి అలవాటు పడితే, రేపు మనిషికి అదే జాతి మందు రాస్తే పనిచేయకపోవచ్చు.

ఇంటికొచ్చినంక ఆ రాత్రి కన్ను మూత పడలేదు. చేప చూస్తే ఏమీ తెలవదు. డ్రమ్ముల ఎగిరెగిరి పడుతున్నది, మొప్పలు ఎర్రగ ఉన్నయ్, బూడిద పెట్టి రుద్దితే జిగురు పోయి నల్లగ నిగనిగ మెరుస్తది. తెచ్చి అమ్మితే ఏ ఒక్కరూ కనిపెట్టరు. ఏడాది మొత్తంల పెద్ద బేరం ఆ ఒక్క దినమే, కిరాయి, పనోళ్ల బోనసు అన్నీ దాని మీదనే. మా ఇంటామె "ఊరంతా అమ్ముతరు, నువ్వొక్కనివి ఆపితే ఏమైతది" అన్నది. ఆమె మాట తప్పని ఇప్పటికీ అనలేను. ఎందుకంటే నేను వద్దన్న చేప అదే మాపున వేరే బండి ఎక్కింది. మిరుగం నాడు మీల కొందరు తిన్నది అదే కావచ్చు. రైతు కూడ గట్టిగనే అన్నడు: "పదేండ్ల నుంచి అక్కరకు వచ్చినోన్ని ఒక్క డబ్బా జూసి కాదంటవా?" నేను ఆయనను దొంగ అనలేదు. దినాలు తప్పు చెప్పిండు, గదే నాకు పట్టింపు. మందు వేసిన అని ముందే చెప్తే నెల ఆగి తీసుకునేటోన్ని.

పొద్దున లేచి ఫోన్ చేసి వద్దన్న. అప్పటికప్పుడు వేరే చోట కొర్రమట్ట దొరకలేదు, దొరికిన ఒకటి రెండు చోట్ల మేత సంగతి అడిగితే ఫోన్ పెట్టేసిన్రు.

"పులుసుల మరిగితే పోదా" అని ఒక అక్క అడిగింది. కొంత విరుగుతది అక్కా, మొత్తం పోదు.

ఇద్దరు ముగ్గురు ఇంకో మాట అన్నరు: "ఈ లొల్లి ఎందుకు, పట్నం నుంచి నార్వే సాల్మన్, హిమాచల్ ట్రౌట్ తెచ్చి అమ్మరాదు?" పెబ్బేరు మత్స్య కళాశాలల చదివిన మా వాడ పిలగాన్ని కూసోబెట్టి అడిగిన. నార్వే కథ వింటే నాకే నవ్వొచ్చింది. 1987ల వాళ్లు ఏడాదికి సుమారు 50 టన్నుల యాంటీబయాటిక్ చేపలకు పెట్టిన్రట. అప్పుడు వాళ్లు పెంచిన సాల్మనే సుమారు 50 వేల టన్నులు. అంటే టన్ను చేపకు దగ్గర దగ్గర కిలో మందు! వాళ్ల చేపలకు ఒంటి మీద పుండ్లు తెచ్చింది ఏరోమోనాస్ సాల్మోనిసిడా, మన చెరువులల్ల ఎర్రపుండ్లు తెచ్చే ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే క్రిమికి దాయాదే. ఇయ్యాల నార్వే పది లక్షల టన్నులకు పైన సాల్మన్ పెంచుతది, మందు మాత్రం అంతా కలిపి ఏడాదికి ఒక్క టన్ను కూడ దాటదు. చేపపిల్లను సముద్రంల వదిలే ముందే ఒక్కొక్క దాని కడుపుల టీకా సూది వేస్తరు. ఒక పంట తీసినంక ఆ జాగను కొన్నాళ్లు ఖాళీగ ఉంచుతరు. మందు కావాలంటే డాక్టరు చీటీ ఉండాలె, దుకాణమాయన మాట నడవదు.

చిలీ అట్ల కాదు. అక్కడ చేప కణాల లోపల దాగే పిసిరికెట్సియా అనే క్రిమికి టీకా సరిగ పనిచేయదు, అందుకే సాల్మన్‌కు ఏటా 300 టన్నులకు పైననే మందు పోస్తున్నరు. కాబట్టి సాల్మన్ అనంగనే చేతులు జోడించకుండ్రి, ఏ దేశపుదో అడగండి. నేనైతే అమ్మను. అంత రేటు పెట్టి పాలమూరుల కొనేదెవరు?

ట్రౌట్, సాల్మన్ పెంచేటోళ్ల దగ్గర నాకు నచ్చింది ఒక లెక్క. మందు ఆపినంక ఎన్ని దినాలు ఆగాలె అన్నది ఉత్త దినాలల్ల చెప్పరు, నీళ్ల వేడిని దినాలతో గుణిస్తరు. పది డిగ్రీల నీళ్లల్ల నలబై దినాలు అంటే నాలుగు వందలు. చల్లటి నీళ్లల్ల మందు మెల్లగ దిగుతది, మన వేడి నీళ్లల్ల తొందరగ దిగుతది. మా రైతు కూడ "మన నీళ్లు వేడి" అనే వాదించిండు. నిజమే అన్నా, కాని మందు ఆపి ఆగిన దినాలే సున్నా అయితే, సున్నాను ఎంత వేడితో గుణించినా సున్నానే.

ఇగ ముందుకు నడిచే పద్ధతి చెప్తా. కొర్రమట్ట ఇచ్చే రైతు మేత, మందుల పుస్తకం రాయాలె, తేదీలతో. రాయకుంటే తీసుకోను. మందు వేసిన చెరువైతే, వేడి ఎంతున్నా నెల దాటినంకనే పడుతం. భీమవరంల రొయ్యల ఎగుమతి కోసం ఇట్లాంటి పరీక్షలు చేసే ల్యాబులున్నయ్, చెరువు మొత్తం కొనేటప్పుడు ముందు ఒక చేపను అక్కడికి పంపుత. ఖర్చుల సగం రైతుది, సగం నాది. అందుకే కొర్రమట్ట కిలోకు 40 రూపాయలు పెరుగుతది. ఇది దాచి పెంచుడు కాదు, చెప్పి పెంచుడు. ఆ గ్రూపుల రాసిన పెద్దమనిషి ఇది రెండుసార్లు చదువాలె.

పాత రైతుకు కూడ ఇదే చెప్పి పంపిన. ఇంతవరకు జవాబు లేదు. పుస్తకం పట్టుకొని వస్తే మొదటి బేరం ఆయనదే, రాకుంటే నేను పోయి బతిలాడ.

అందాక రవ్వ, బొచ్చె, బంగారుతీగ ఎప్పటిలెక్కనే ఉంటయ్. అవి మేత వేయని చెరువులయి, సొసైటీ వాళ్లు పట్టినవి, రేటు మారలేదు. ఆదివారం ఏడింటికి బండి వస్తది. కొర్రమట్ట కావాలన్నోళ్లు పేరు రాయించండి, వచ్చే దినం నేనే ఫోన్ చేస్త. అడ్వాన్సు మాత్రం ఇప్పుడు ఎవరి దగ్గరా తీసుకోను.