చెప్పుల స్టాండు దగ్గర మంచినీళ్ళ సీసా

పాఠశాల వార్తాలేఖ, ఆగస్టు 2021
ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం

తల్లిదండ్రులకు, పిల్లల్ని పెంచుతున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం.

ఈ నెల 16న బడి తెరిచాం. గదికి 20 మందికి మించకుండా కూర్చోబెడుతున్నాం. మాస్కులు, శానిటైజరు, ఏ సెక్షన్ ఏ రోజు రావాలన్నది క్లాస్ టీచర్లు గ్రూపులో పెడుతూనే ఉన్నారు. వాటి గురించి మళ్ళీ రాయను. ఈసారి చెప్పాల్సింది వేరే ఉంది.

బడి తెరిచిన నాలుగో రోజు ఇంటర్వెల్‌లో ఆరో తరగతి వరండాలో నడుస్తుంటే, చెప్పుల స్టాండు పక్కన నేల మీద నీలం రంగు మంచినీళ్ళ సీసా ఒకటి కనిపించింది. ఎవరో మర్చిపోయారనుకుని తీసి లోపల పెట్టబోయాను. "మేడం, అది నాదేనండీ. అక్కడే ఉండనివ్వండి" అన్నాడొక అబ్బాయి. ఎందుకురా అంటే తల దించుకున్నాడు. పక్క బెంచీ అమ్మాయి చెప్పింది, చాలా మామూలుగా, హాజరు చెప్పినట్టు: "వాళ్ళ నాన్నగారు కరోనాతో చనిపోయారు కదండీ, అందుకనండీ."

బయట పెట్టమని ఎవరన్నారని ఆరా తీశాను. ఎవరూ అనలేదు. మొదటి రోజు ఒకరు ఆ సీసాని పెన్సిలుతో పక్కకు నెట్టారట. రెండో రోజు ఇంకొకరు బెంచీ చివరికి జరిగి కూర్చున్నారు. మూడో రోజు వాడే తీసుకెళ్ళి చెప్పుల దగ్గర పెట్టుకున్నాడు. నేను సీసా తెచ్చి వాడి బెంచీ మీద పెట్టాను. మర్నాడు చూస్తే మళ్ళీ చెప్పుల దగ్గరే ఉంది.

ఆ తండ్రి పోయింది మే నెలలో. ఇప్పుడు ఆగస్టు. క్వారంటైన్ 14 రోజులని మన పిల్లలకి తెలియక కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆలోచిస్తే నాకు ఇలా అనిపించింది. మనకి అంటు అనే మాట రెండు చోట్ల ఉంది. అంటురోగంలో ఉన్నది ఒకటి. చావింటి అంటు ఇంకొకటి. మొదటిదానికి 14 రోజుల గడువు ఉంది. రెండోది పదకొండో రోజు తలస్నానంతో పోతుంది. ఈ ఏడాదిన్నరలో మనం రెండూ కలిపి మూడోది ఒకటి తయారుచేశాం, దానికి గడువు లేదు. అదే ఆ సీసాని బయట పెట్టించింది.

పిల్లల్ని నేను తిట్టలేదు. వాళ్ళు చూసి నేర్చుకున్నదే చేశారు.

ఏం చూశారో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 22 సాయంత్రం డాబాల మీద చప్పట్లు, పళ్ళేల మోత చూశారు. వారం తిరక్కుండా ఊరి పొలిమేరల్లో తుమ్మ కంపలు అడ్డం పడేసి, బయటివాళ్ళు రావద్దని అట్ట ముక్కల మీద రాసి కట్టడం చూశారు. మన బడి మైదానంలో కూరగాయల దుకాణాలు పెట్టినప్పుడు సున్నంతో గళ్ళు గీశారు కదా, గోడ వారన కొన్ని ఇప్పటికీ లీలగా కనిపిస్తాయి, రెండో తరగతి పిల్లలు వాటిలో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ఆ గళ్ళలో గంటల తరబడి బుద్ధిగా నిలబడిన మనమే, మే 4న మద్యం దుకాణాలు తెరిస్తే ఒకరి వీపు మీద ఒకరం పడ్డాం. (తల్లులకు ఈ వాక్యం మీద అభ్యంతరం ఉండదనుకుంటాను.) అదే మే నెలలో పదహారో నంబరు హైవే వెంట సొంతూళ్ళకి నడిచిపోతున్న కూలీలకి మజ్జిగ, పులిహోర పొట్లాలు అందించినవాళ్ళూ మనలో ఉన్నారు. అది కూడా పిల్లలు చూశారు.

ఇంకొకటి టీవీలో చూశారు. 2020 ఏప్రిల్‌లో నెల్లూరు డాక్టరు ఒకాయన చెన్నైలో కరోనాతో చనిపోతే, దహనం చేయనివ్వబోమని శ్మశానం దగ్గర జనం అడ్డుపడ్డారు. వారం తిరక్కుండా అదే నగరంలో ఇంకో డాక్టరును ఖననానికి తీసుకెళ్తుంటే అంబులెన్సు మీద రాళ్ళేశారు. వైద్య సిబ్బంది మీద దాడులు ఆపడానికి 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ కేంద్రం ఏప్రిల్ 22న ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

నేను నిబంధనల్ని తప్పు పట్టడం లేదు. అసలు నిబంధనలు మనం అనుకున్నంత కఠినంగా లేవు. భౌతికకాయాల విషయంలో ఏం చేయాలో కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 15నే, అంటే లాక్‌డౌన్‌కి ముందే, రాసి పెట్టింది. సంచి జిప్పు తీసి ముఖం చూపించవచ్చు. తాకకుండా మంత్రాలో వాక్యాలో చదువుకోవచ్చు, తీర్థం చల్లవచ్చు. బూడిద వల్ల ప్రమాదం లేదు, అస్థికలు తీసుకోవచ్చు. అంత్యక్రియలకు 20 మంది దాకా వెళ్ళవచ్చని తర్వాత లాక్‌డౌన్ ఉత్తర్వుల్లో వచ్చింది. వీటిలో ఎక్కడా ఆ ఇంటివాళ్ళతో మాట్లాడవద్దని లేదు. అది మనం సొంతంగా చేర్చుకున్నాం.

మనం అంటే నేను కూడా. 2020 ఆగస్టులో మా ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గారి భార్య పోయారు. ముప్ఫై ఏళ్ళ ఇరుగుపొరుగు. ఆవిడ పెట్టిన మాగాయ మా ఇంట్లో జాడీలో ఇంకా ఉంది అప్పటికి. 108 బండి వచ్చినప్పుడు నేను కిటికీ వెనక నిలబడి చూశాను, బండి వెళ్ళాక కిటికీ మూసేశాను. మర్నాడు పాలబ్బాయితో, వాళ్ళింట్లో పోశాక మా ఇంటికి రావద్దు, ముందు మాకు పోసి తర్వాత వాళ్ళకి వెళ్ళు అని చెప్పాను. వాళ్ళింటి గేటు ముందు ఆ గిన్నె ఎండలో ఎంతసేపు ఉండేదో నేను ఆలోచించలేదు. పదకొండు రోజులూ పోయాయి, నెల పోయింది. ఇక ఇప్పుడు వెళ్ళి ఏమని పలకరించను అని మొహం చాటేశాను. సైన్సు చెప్పి ఇరవై రెండేళ్ళయిన మనిషిని నేను.

ఈ మే నెలలో మా అన్నయ్య విశాఖపట్నంలో పోయాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ, నాకూ జ్వరం, కదిలే దారి లేదు. 20 మందికి అనుమతి ఉన్నచోట నలుగురు వచ్చారు. మా మేనల్లుడు వీడియో కాల్ పెట్టాడు. పాడె లేదు, డప్పు లేదు, దింపుడు కళ్ళం లేదు. చిన్నపిల్లల తల్లిదండ్రుల్లో కొందరికి తెలియకపోవచ్చు, శ్మశానానికి తీసుకెళ్ళే దారిలో పాడె దించి, పోయినవాళ్ళ చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారని ఆశ. మేనల్లుడు అడిగితే అక్కడివాళ్ళు జిప్పు జానెడు తీశారు. వాడు ఫోను స్పీకర్లో పెట్టి చెయ్యి చాచినంత దూరం నుంచి అటు పట్టుకున్నాడు. "అన్నయ్యా" అని నేను ఇక్కడి నుంచి మూడుసార్లు పిలిచాను. రెండోసారి పిలిచినప్పుడు సిగ్నల్ తెగి బొమ్మ ఆగిపోయింది. నేను పిలుస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం ఎదురింటి పోస్ట్‌మాస్టరు గారు అరుగు మీద కుర్చీ వేసుకుని, మాస్కు పెట్టుకుని, వీధికి అడ్డంగా కేకేశారు: "ఏమ్మా, ఏమైనా తిన్నావా?" మర్నాడూ అడిగారు. పదకొండు రోజులూ అదే కేక, అదే వేళకి. మన బడి పిల్లవాడి తల్లి ఒకావిడ రోజూ మా గేటుకి క్యారేజీ తగిలించి గొళ్ళెం చప్పుడు చేసి వెళ్ళిపోయేవారు. ఒకరోజు మూత మీద చీటీ అంటించి ఉంది. "చారులో ఉప్పు తగ్గింది, చూసి వేసుకోండి మేడం." అన్నయ్య పోయాక నాకు మొదట నవ్వొచ్చింది ఆ చీటీ చూసే. ఆరడుగుల దూరం ఆయనా తప్పలేదు, ఆవిడా తప్పలేదు.

మీలో చాలామంది ఇళ్ళల్లో జరిగింది ఇంతకన్నా చిన్నదేం కాదు. ఒక్క మన బడిలోనే తండ్రినో తల్లినో పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు, తాతలు, అమ్మమ్మలు పోయినవాళ్ళు ఉన్నారు. ఆదరణ కూడిక జూమ్‌లో పెట్టుకున్న కుటుంబం ఉంది, జనాజాకి సొంత కొడుకే అందని కుటుంబం ఉంది. మనిషి పోయిన బాధ అలా ఉంచండి. ఏడవడానికి నలుగురు మనుషులు దొరకని బాధ ఇంకా వాళ్ళ గొంతులోనే ఉంది.

కాబట్టి పరామర్శకి ఆలస్యమైందని ఆగకండి. మూడు నెలలైనా, ఏడాదైనా వెళ్ళండి. లోపలికి వెళ్ళలేకపోతే గేటు దగ్గర నిలబడండి. నేను మొన్న వీధి దాటి వెళ్ళి పోస్ట్‌మాస్టరు గారికి పాల సంగతి చెప్పాను. "తెలుసమ్మా, పాలబ్బాయి అప్పుడే చెప్పాడు" అన్నారు.

వెళ్ళినప్పుడు మాత్రం కొన్ని మాటలు మింగేయండి. ఆక్సిజన్ ఎక్కడా దొరకలేదా, ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే బతికేవాడేమో, బిల్లెంతయింది, టీకా వేయించలేదా... ఇవేవీ పరామర్శలు కావు, విచారణలు. మన పదో తరగతి అమ్మాయి ఒకతె టీచరుతో ఒక మాట అంది. వచ్చినవాళ్ళందరికీ అమ్మ మొదటి రోజు జ్వరం దగ్గర్నుంచి మళ్ళీ చెప్పాల్సి వస్తోందట, ప్రతిసారీ చివరికొచ్చేసరికి అమ్మకి ఊపిరి అందదట. పోయిన మనిషి బతికున్నప్పటి సంగతులు మాట్లాడండి. ఆయన బండి ఎలా నడిపేవాడో, ఆవిడ ఏ కూర బాగా వండేదో. పిల్లల ముందు ఆ పేరు ఎత్తకూడదని అనుకుంటున్నారు చాలామంది. ఆ ఆరో తరగతి అబ్బాయి నాతో పది నిమిషాలు ఆపకుండా మాట్లాడింది వాళ్ళ నాన్నకి గాలిపటం కట్టడం ఎంత బాగా వచ్చో చెప్పడానికే.

"ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కు, అమ్మని నువ్వే చూసుకోవాలి." ఈ మాట దయచేసి ఏ మగపిల్లాడితోనూ అనకండి. ధైర్యం చెప్పడానికే అంటాం, నాకు తెలుసు. కానీ పదకొండేళ్ళవాడు దాన్ని నిజంగానే నమ్ముతాడు. కరెంటు బిల్లు ఎంతొచ్చిందని అమ్మని అడగడం మొదలుపెడతాడు. మన బడిలో అలా అడుగుతున్నవాడు ఒకడున్నాడు.

గ్రూపు గురించి ఒక్క మాట. జూన్‌లో ఒక తల్లి శ్మశానం బయట కూలబడి ఏడుస్తున్న ఫొటో మన పేరెంట్స్ గ్రూపులోకి వచ్చింది, కింద దణ్ణాలు, ఏడుపు బొమ్మలు. పంపినవారు మంచి మనసుతోనే పంపారు. కానీ ఆవిడ కూడా ఆ గ్రూపులో ఉన్నారు. నేను తీసేయించాను. అలాంటివి మళ్ళీ పెట్టొద్దు.

ప్రోగ్రెస్ కార్డులో తండ్రి సంతకం అని ఉన్నచోట ఈ ఏడాది నుంచి ఇంటి పెద్దల సంతకం అని అచ్చు వేయిస్తున్నాం. ఫీజు కట్టడం కష్టమైన కుటుంబాలు నాతో నేరుగా మాట్లాడండి, ఆఫీసు కౌంటరు దగ్గర నిలబడి చెప్పుకోనక్కర్లేదు. కరోనాతో తల్లిదండ్రులిద్దరూ పోయిన పిల్లల పేరున 10 లక్షల రూపాయలు డిపాజిట్ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం మేలో ప్రకటించింది. కేంద్రం కూడా పీఎం కేర్స్ నుంచి 23 ఏళ్ళు వచ్చేసరికి 10 లక్షలు అందేలా మే 29న పథకం ప్రకటించింది. ఇదివరకే ఒకరు పోయి, ఉన్న ఒక్కరూ ఇప్పుడు పోయినా వర్తిస్తుంది. మరణ ధ్రువపత్రం, పాజిటివ్ రిపోర్టు, ఆధార్ జాగ్రత్తగా ఉంచండి. దరఖాస్తు రాయడానికి మన సోషల్ టీచరు గారు సాయం చేస్తారు. అలాంటి పిల్లలు బంధువుల ఇంట్లో ఇబ్బంది పడుతున్నట్టు మీకు తెలిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు.

మన గంట తాత కూడా మేలోనే పోయాడు. అప్పుడు గ్రూపులో రెండు లైన్లు పెట్టాను, అంతే. బడి తెరిచిన రోజు కొత్త అటెండరు గంట కొట్టగానే మూడో తరగతి పిల్ల ఒకతె "తప్పు కొట్టారు" అని గట్టిగా అంది. నిజమే, తాత చివర రెండు దెబ్బలు కొంచెం ఆపి కొట్టేవాడు. పిల్లలకి ఆయన గురించి చెప్పడం నేనే వాయిదా వేశాను. వచ్చే వారం ప్రార్థనలో చెబుతున్నాను. ఇంటికొచ్చి అడిగితే మీరూ మాట్లాడండి.

సెప్టెంబరు 10న వినాయక చవితి. ఏటి మైల ఉన్న ఇళ్ళల్లో ఈసారి పండగ లేదు, పిండివంటలు ఉండవు. మా చిన్నప్పుడు అలాంటి ఇంటి పిల్లలకి ఇరుగుపొరుగు నుంచి ఉండ్రాళ్ళు, పూర్ణాలు అరిటాకులో వెళ్ళేవి. నాలుగు ఎక్కువ వండితే చాలు. మీ వీధిలో మన బడి పిల్లల ఇల్లు ఏది ఉందో తెలియకపోతే ఆఫీసుకి వచ్చి నన్ను అడగండి. గ్రూపులో మాత్రం అడగొద్దు.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు
28 ఆగస్టు 2021