‘తేడా’ అనే మాట గురించి

మెదక్,
14 సెప్టెంబర్ 2025

చిరంజీవికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. పుణెలో కొన్న ఇంటికి కార్తీకంలో గృహప్రవేశం పెట్టుకున్నామనీ, అమ్మా నేనూ వచ్చి పాలు పొంగించాలనీ నీవు ఫోనులో అడిగినప్పుడు నేను ‘చూద్దాం’ అని ఊరుకున్నాను. మన ఇంట్లో ‘చూద్దాం’ అంటే వద్దనే అర్థమని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు కనుక, ఆ మాట నీకెలా వినిపించి ఉంటుందో ఆ రాత్రి పడుకున్నాక గాని నాకు తట్టలేదు. ఎదురుగా ఉంటే మాట మింగేసే అలవాటు నాది. అందుకే అసలు సమాధానం కాగితం మీద పెడుతున్నాను.

ముందుగా, ఉగాదికి వచ్చినప్పుడు నీవు గుర్తుచేసిన రోజు గురించి రాయాలి. నీవు ఎనిమిదో తరగతిలో ఉన్నావు, లెక్కలు నేనే చెబుతున్నాను. రెండు సంఖ్యల మొత్తం 35, వాటి తేడా 7 అయితే ఆ సంఖ్యలేవి అని బోర్డు మీద రాసి పైకి చదివాను. ‘తేడా’ అన్న మాట నా నోట రాగానే వెనక బెంచీల్లో నవ్వు మొదలైంది, కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్లవాడి వైపు తరగతి మొత్తం తలలు తిప్పింది. వాడు మెత్తగా మాట్లాడేవాడు, ఆడపిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడేవాడు, వాణ్ణి అందరూ ఆ మాటతోనే పిలుస్తారని నాకు అంతకు ముందే తెలుసు. నేను ఎవరినీ మందలించలేదు. పైగా నేనూ చిన్నగా నవ్వి, బల్ల మీద డస్టరుతో కొట్టి, లెక్క చూడండి అన్నాను. ఆ నవ్వు నాకు గుర్తే లేదు. మూడో బెంచీలో కూర్చున్న నీకు మాత్రం నీ మనసు మగవాళ్ళ వైపేనన్న సంగతి అప్పటికే కొంత తెలుస్తోందనీ, నాన్న కూడా నవ్వాడని చూసి ఇంట్లో ఎన్నడూ నోరు విప్పకూడదని ఆ రోజే అనుకున్నావనీ నీవు చెబితే విన్నాను. పదహారేళ్ళు అలాగే గడిపావు. ఒక ఇంట్లో, ఒక పళ్ళెం పక్కన మరో పళ్ళెం పెట్టుకుని తింటూ, నీవు నాకు భయపడి బతికావన్న విషయం తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఆ మాట మాకు ఎవరు నేర్పారని ఆలోచిస్తే ఒక్కరి పేరు చెప్పలేను. మా తరానికి ఈ విషయం సినిమాలోని హాస్యపాత్రగా, హాస్టలు గదుల్లోని వెకిలి మాటగా తప్ప మరో రూపంలో కనిపించలేదు. పేపర్లలో కనిపించినప్పుడు అది ‘స్వలింగ సంపర్కం’ అనే నేరవార్త. ఆ పదంలో సంపర్కం ఉంది గాని, ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం, కలిసి ఇల్లు కొనుక్కోవడం వంటివేవీ లేవని నీవు అన్నది నిజం. 1860లో బ్రిటిషువారు రాసిన శిక్షాస్మృతిలో దాన్ని నేరమనే 377వ సెక్షన్ అనే అంకె ఒకటి ఉందని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. అది ఎవరి బతుకు మీద కూర్చుందో ఎవరమూ అడగలేదు. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు, పరస్పర సమ్మతితో ఏకాంతంలో మెలిగే వయోజనులకు ఆ సెక్షన్ వర్తించదని చెప్పినప్పుడు మేము పేపరు చదివి పక్కన పడేశాం. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినప్పుడు మాత్రం నేను మాట్లాడాను. నూటయాభై ఏళ్ళలో ఆ సెక్షన్ కింద రెండు వందల మంది మీద కూడా కేసులు నడవలేదనీ, ఇది జనాభాలో అత్యల్ప భాగమనీ కోర్టు రాసింది. లెక్కల మాస్టారుగా ఆ వాదన నాకు నచ్చింది; ఇంత కొద్దిమంది కోసం ఇంత రభసా అని అందరి ముందూ అన్నాను. ఆ కొద్దిమందిలో ఒకడు హైదరాబాదులో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతూ, నేను పంపిన డబ్బుతో మెస్ బిల్లు కట్టి, అదే వార్త చదువుతున్నాడని నాకు తెలియదు. పదిమంది ఉన్నారో పది లక్షల మంది ఉన్నారో లెక్కపెట్టి న్యాయం తూచకూడదన్న ఇంగితం, నా బిడ్డ ఆ లెక్కలోకి వచ్చాక గాని నాకు రాకపోవడం నేను దాచుకోదగిన తప్పు కాదు.

2018 సెప్టెంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తులు ఆ నేరాన్ని తొలగించారు. ఇన్నాళ్ళ ఆలస్యానికి ఈ మనుషులకూ, వారి కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పవలసి ఉందని జస్టిస్ ఇందూ మల్హోత్రా తన తీర్పులో రాశారు. నీవు మాతో చెప్పిన తరువాత నేను వెతికి చదివిన మొదటి వాక్యం అదే. ‘కుటుంబాలకూ’ అన్న మాట చూసి, ఎవరో నా బాధను గుర్తించారని మొదట ఊరట పొందాను. రెండోసారి చదివినప్పుడు సిగ్గు కలిగింది, ఎందుకంటే క్షమాపణ అందుకునే వైపు కూర్చునే హక్కు నాకు లేదు.

2022 దసరా గురించి కూడా రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టావు, రాత్రి డాబా మీద నీ సంగతి చెప్పావు. నేను నిన్ను దగ్గరికి తీసుకోలేదు. నానమ్మ చెవిన పడనీయకు అన్నాను, వారం తిరగకుండా ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కొన్ని నెలల చికిత్సతో మార్చవచ్చని ఆయన ధైర్యంగా చెప్పాడు, నేను అంతకన్నా ధైర్యంగా నమ్మాను. అలా మార్చుతామనడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ అదే సంవత్సరం ఆగస్టులో, అంటే మనం ఆ మెట్లెక్కడానికి కొద్ది వారాల ముందే, రాష్ట్రాల వైద్య మండళ్ళకు రాసిందని తరువాత తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రోగాల జాబితా నుంచి తీసివేసింది 1990లో; అప్పటికి నీవు పుట్టనే లేదు. లేని జబ్బుకు నీచేత మందులు మింగించాను. నాలుగో వారం నీవు ఆ మాత్రలు బల్ల మీద పెట్టి, వీటితో నిద్ర తప్ప ఏమీ రావడం లేదు నాన్నా అన్నావు. నీవు ఆ రోజు కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

వైద్య కమిషన్ ఆ ఆదేశం ఇవ్వడం వెనక మద్రాసు హైకోర్టు ఉంది. మదురై నుంచి ఇద్దరు అమ్మాయిలు ఇంటివాళ్ళకు భయపడి చెన్నై వచ్చి రక్షణ అడిగితే, విచారించిన జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనకు ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్న తరువాతే 2021లో తీర్పు చెప్పారు. హైకోర్టు న్యాయమూర్తి తనకు తెలియదని కాగితం మీద రాయగలిగినప్పుడు, రిటైరైన బడిపంతులుకు అడ్డమేమిటి? నేను చదవడం మొదలుపెట్టింది ఆ తీర్పుతోనే.

చదువుతూ ఉండగా ఒకచోట శకుంతలాదేవి పేరు కనబడి ఆగిపోయాను. 1980 జనవరిలో ఇందిరాగాంధీ మన మెదక్‌లో పోటీ చేసినప్పుడు, ఆమె మీద శకుంతలాదేవి కూడా నిలబడ్డారు. అప్పుడు నాకు పదహారేళ్ళు. అదే సంవత్సరం జూన్‌లో ఆమె లండన్‌లో పదమూడేసి అంకెలున్న రెండు సంఖ్యలను 28 సెకన్లలో గుణించారు. ఈ రెండు సంగతులనూ ప్రతి సంవత్సరం ప్రతి తరగతికీ చెప్పాను, నీకూ చెప్పాను. అదే శకుంతలాదేవి 1977లోనే స్వలింగ ప్రేమికుల గురించి ఒక పుస్తకం రాశారనీ, ఓర్చుకోవడమూ జాలిపడటమూ చాలవు, పూర్తిగా అంగీకరించాలని అందులో కోరారనీ నాకు అరవై దాటాక తెలిసింది. మా కాలంలో తెలిసే వీలు లేదు అని నేను నీతో చాలాసార్లు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె గుణకారాన్ని పట్టుకుని, ఆమె చెప్పిన అసలు మాటను మేము వదిలేశాం. ఈ మూడేళ్ళుగా నేను చేస్తున్నదీ ఆమె చాలదన్న ఓర్చుకోవడమే. నీతో కలిసి ఉంటున్న అతను ఫోను ఎత్తితే క్షేమం అడిగి నీకు ఇమ్మనేవాణ్ణి. బంధువుల దగ్గర ‘రూమ్మేటు’ అనేవాణ్ణి.

నానమ్మకు పోయిన శుక్రవారం చెప్పాను. నీ మనవడికి తోడు దొరికిండు అమ్మా అన్నాను. చెవులు మందగించినా ఆమె ఆ క్రియ దగ్గర ఆగింది. ‘దొరికిండా, దొరికిందా?’ అని అడిగింది. మన భాషలో ఈ సంగతి దాచాలంటే వాక్యం పూర్తి చేయకుండా ఉండాలి. మూడేళ్ళు నేను అదే చేశాను. ‘దొరికిండు’ అని మళ్ళీ చెప్పాను. ఆమె చాలాసేపు కొంగు మడత పెడుతూ కూర్చుని, ‘మనోళ్ళేనా?’ అని కులం అడిగింది. కాదన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున, తను చిన్నప్పుడు చూసిన ఇద్దరు ఆడవాళ్ళ కథ చెప్పింది: నాట్లకూ కోతలకూ కలిసే పోయేవారట, ఒకే పొయ్యి మీద వండుకుని ముసలివాళ్ళయ్యేదాకా ఒకే కప్పు కింద ఉన్నారట, ఊరు ఏమీ అడగలేదట. ఇది విని పాతతరమే మంచిదని నేను అనను, ఎందుకంటే ఆ ఇద్దరిలో ఒకామెకు పదేళ్ళకే పెళ్ళి చేశారనీ, అత్తగారింటి నుంచి మూడుసార్లు పారిపోయి వస్తే మూడుసార్లూ కొట్టి పంపారనీ కూడా నానమ్మే చెప్పింది. పేరు పెట్టనంతకాలం ఊరు ఓర్చుకుంది, అంతే. కథ అయ్యాక నానమ్మ, ‘ఆ పిలగానికి వంటొచ్చునా?’ అంది. ప్రస్తుతానికి అక్కడే ఉంది. ఆమెను తొందరపెట్టవద్దు.

ఇక ఒక తండ్రిగా నా భయం. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మీ పెళ్ళిని గుర్తించడానికి ఒప్పుకోలేదు. ఆ కేసు వేసిన వారిలో ముందున్న సుప్రియో చక్రబర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదు వారే. వాళ్ళ వేడుక ఫోటో పేపర్లో వచ్చినప్పుడు మీ అమ్మ కంటపడకుండా నేను ఆ పేజీ మడిచిపెట్టిన సంగతి ఇప్పుడు చెబుతున్నాను. నేను పోతే నా కుటుంబ పింఛను మీ అమ్మకు వస్తుంది. మీ ఇద్దరిలో ఒకరికి ఏదైనా అయితే రెండో మనిషి ఆసుపత్రిలో ఎవరినని చెప్పుకోవాలి? ఉమ్మడి బ్యాంకు ఖాతాకూ, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది కనుక ఆ పని ఈ నెలలోనే చేయండి. ఇంటి పత్రాలు ఇద్దరి పేర్లా ఉండాలి, ఇద్దరూ వీలునామాలు రాసి రిజిస్టరు చేయించండి. ఖర్చు నేను భరిస్తాను.

కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడి ఇంటికి వెళ్ళాను. వాడు తొమ్మిదితోనే బడి మానేశాడట, ఇప్పుడు ముంబైలో ఉన్నాడట. వాళ్ళమ్మ నంబరు ఇచ్చింది, ఎందుకని అడగలేదు. ఇంకా ఫోను చేయలేదు. చేసి, పేరు చెప్పి, ఆ రోజు సంగతి చెప్పి, వాడు ఏమన్నా వింటాను.

మేము వస్తున్నాం. మెదక్ నుంచి బస్సులో జూబ్లీ బస్ స్టేషన్‌కు చేరి, సికింద్రాబాదులో పుణె శతాబ్ది ఎక్కుతాం. పాలు పొంగించడానికి నానమ్మ తన ఇత్తడి గిన్నె ఇచ్చింది, మీ అమ్మ దాన్ని చింతపండుతో తోమిపెట్టింది. పూజలో అయ్యగారు ఇంటివారి వివరాలు అడిగినప్పుడు ఇద్దరి పేర్లూ నేనే చెబుతాను. అతని గోత్రం, నక్షత్రం కనుక్కుని వెంటనే రాయి.

ఆశీస్సులతో,
మీ నాన్న